చివరి చాప అవతల

తెనాలి,
11-2-1963

ప్రియమైన జకరయ్యకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ కాగితం ఖరాబవుతుందని ఊరుకున్నాను.

మొన్న బాపట్లలో చేసిన పనికి క్షమాపణ చెబుతున్నానేమో అనుకుని ఈ కవరు చింపి ఉంటే, మళ్ళీ మడిచి చూర్లో పెట్టుకో. నేను చెప్పను. చచ్చినా చెప్పను.

ఏంట్రా అది? చెరసాల సీను. చంద్రసేన మహారాజుకి రాజ్యం పోయింది, కొడుకు జాడ లేదు, కాళ్ళకీ చేతులకీ సంకెళ్ళు. తిండి పెట్టే దిక్కు లేదు. కానీ ఎదురుగా మైకు ఉంది! ఇనప కడ్డీ మీద, నా ముక్కుకి జానెడు దూరంలో, ముంతంత కాయ! మహారాజుకి కూడు పెట్టని శత్రువు మైకు మాత్రం పెట్టించాడన్నమాట. సరే పోనీ అని నేను రాగం ఎత్తుకున్నానా, అది కుయ్యోమని కూసింది. ముందు చాపల మీద పిల్లలు కిలకిలా నవ్వారు. నా చెరసాల పద్యానికి నవ్వు! ముప్ఫై ఏళ్ళుగా ఆ పద్యానికి జనం ఏడుస్తున్నారు గానీ ఎవడూ నవ్వలేదు. అందుకే తన్నాను. సంకెళ్ళ కాలితోనే తన్నాను. పగిలితే పగిలింది.

రేపల్లెలో మైకుసెట్ల షాపు పెడుతున్నానని నువ్వు చెప్పినప్పుడు సంతోషించినవాణ్ణి నేనే. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ పెట్టుకుని నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళేలా బతుకుతావు కదా అనుకున్నాను. అది తెచ్చి నా నోటికే పెడతావని కల గన్నానా? ఈ కాలం కుర్ర నటులు దాని చుట్టూ ఈగల్లా మూగుతున్నారు. కత్తి యుద్ధంలో కూడా ఇద్దరూ మైకు దగ్గర నుంచి కదలరు, చేతులే అటూ ఇటూ ఊపుతారు. అది నటనా, విసనకర్ర విసరడమా?

ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చుని హార్మణీ వాయించినవాడివి. నా గొంతు ఏంటో ఎవడికి తెలియకపోయినా నీకు తెలియాలి. నీకే చాలదనిపించిందా? అదే నా కడుపుమంట. మంగాయమ్మ చూడు, మొగుడు రెండు రోజులుగా అన్నం దగ్గర విసుక్కుంటుంటే నోరెత్తకుండా మజ్జిగ పోస్తోంది. నువ్వే నోరెత్తావు, అదీ మైకులో.

ఇట్లు,
ఒళ్ళు మండుతున్న
పాండురంగారావు


రేపల్లె,
16-2-1963

పాండురంగారావు గారికి జకరయ్య నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని రాయాలి గదండీ. మేమైతే క్షేమమే. మైకు మాత్రం క్షేమంగా లేదు. లోపలి రేకు చిట్లిపోయింది, నోట్లో నీళ్ళు పోసుకున్న మనిషిలా గరగరమంటోంది. దాని సంగతి నేను చూసుకుంటాను, అందుకు రాయడం లేదు.

మీకు ముందే చెప్పమని బాపట్ల వెంకటకృష్ణయ్య గారితో అన్నానండి. ఆ నాటకం పెట్టించింది ఆయనే గదా. "రంగు పూసుకునేటప్పుడు చెబితే మనల్నే తంతాడు, తెర లేచాక ఏం చేస్తాడులే" అన్నారాయన. ఏం చేస్తారో నాకు తెలుసు. అయినా పెద్దాయన మాట కాదనలేకపోయాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. కూత కూయడం కూడా నా తప్పే, మైకు మాట బయటికొచ్చే గొట్టం స్టేజీకి దగ్గరగా కట్టాను.

కానీ గురువుగారూ, ఒక్క మాట అడుగుతాను. శ్రీరామనవమికి మా రేపల్లె పందిట్లో మన నాటకం ఉంది గదా. ఆ రోజు ఒక్క చెరసాల పద్యం మైకులో పాడండి. మిగతా నాటకమంతా మీ ఇష్టం. ఇరవై ఏళ్ళలో నేను మిమ్మల్ని ఏదీ అడగలేదు. మా అమ్మని తీసుకొస్తున్నాను. ఆమెకి చూపు బాగా తగ్గింది. అందుకని అడుగుతున్నాను.

కోపంలో ఉన్నారు గనక ఇంతకంటే రాయను.

ఇట్లు,
విధేయుడు
జకరయ్య


తెనాలి,
20-2-1963

ఒరేయ్ జకరయ్యా,

ఈసారి ప్రియమైన కూడా లేదు, చూసుకో.

సారమ్మకి చూపు తగ్గితే కళ్ళద్దాలు పెట్టించాలి గానీ, నాకు మైకు పెట్టిస్తావా? ఇదెక్కడి వైద్యంరా? ఆవిడ నా నాటకానికి కొత్తగా వస్తోందా? ఇరవై ఏళ్ళ నుంచి వింటోంది. కొల్లూరులో విన్నది, అమృతలూరులో విన్నది, నువ్వు ఎక్కడ పెట్టె వాయిస్తే అక్కడికి బండి పట్టుకునో నడిచో వచ్చి విన్నది. ఒకసారి తెల్లారి బస్సు దగ్గర కనపడితే నేనే అడిగాను, "ఏం సారమ్మా, ఎలా ఉంది పద్యం?" అని. "బాగుంది బాబూ" అని దణ్ణం పెట్టింది. అప్పుడు మైకు ఏదిరా? ఏ బ్యాటరీ పెట్టి విన్నది?

నా పద్ధతి నీకు తెలియనిది కాదు. ఏ ఊరు వెళ్ళినా, జనం కూర్చున్నాక, తెర వెనక నుంచి ఒక్క ఆలాపన వదులుతాను. చివరి చాప దగ్గర నిలబెట్టిన మనిషికి వినపడితే తువ్వాలు ఊపాలి. తువ్వాలు ఊగనిదే నేను తెర లేపనివ్వను. ఇన్నేళ్ళలో తువ్వాలు ఊగని ఊరు లేదు. గాలి ఎదురు కొట్టిన రోజు కూడా ఊగింది. చివరి మనిషికి వినపడేలా పాడటమే నా వృత్తి. దాన్ని ఒక డబ్బాకి అప్పగించి నేను పక్కన కూర్చుని చుట్ట కాల్చుకోవాలా?

రేడియో వచ్చింది, కాదనను. కరెంటు వచ్చింది, మంచిదే, మంగాయమ్మ కూడా లైటు వెయ్యడం నేర్చుకుంది. రైల్లో బొగ్గు ఇంజను పోయి ఇంకోటి వస్తుందంటున్నారు, రానీ. మనిషి కాళ్ళకి బస్సు వచ్చింది, చేతులకి మిల్లు వచ్చింది. గొంతుకి మాత్రం ఏదీ రాకూడదు. గొంతు నాది.

రేపల్లె పూర్ణచంద్రరావుకి కూడా రాస్తున్నాను. పందిరి ఆయనది, మాట కూడా ఆయన చేతే చెప్పిస్తాను. స్టేజీ మీద మైకు కనపడితే నేను రంగు కడుక్కుని రైలెక్కేస్తాను.

ఇట్లు,
పాండురంగారావు


రేపల్లె,
25-2-1963

పాండురంగారావు గారికి,

నమస్కారం తర్వాత పెడతాను.

మా అమ్మ ఇరవై ఏళ్ళ నుంచి వింటోందని రాశారు. ఆ ముక్క దగ్గర ఆగి మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత ఉత్తరం రిబ్కా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయాను, మా ఆవిడ ముందు కేకలు వెయ్యడం ఇష్టం లేక.

మీ చివరి చాప ఎక్కడ అయిపోతుందో తెలుసా అండీ? తాడు దగ్గర. ఆ తాడు అవతల ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? బండ్లు విడుస్తారు. ఎడ్లు మేత నెమరేస్తుంటాయి, మెడల్లో గంటలు మోగుతుంటాయి. ఆ బండ్ల అవతల నిలబడేది ఊరి బయట పల్లెల్లో ఉండే మావాళ్ళు. చాపల మీదికి రానివ్వరు గదా. ప్రతి ఊళ్ళోనూ అక్కడే. మా అమ్మ కూడా అక్కడే. మీ తువ్వాలు ఊపిన మనిషికి వీపు వెనక ఉండేవాళ్ళు వాళ్ళు. మీరు చివరి మనిషి అన్నది ముందువాళ్ళలో చివరివాణ్ణి.

అమ్మ మీ పద్యం ఒక్కటంటే ఒక్కటి వినలేదు. మీ నోరు కదలడం చూసేది. ముందు చాపల వాళ్ళు "వన్స్ మోర్" అని అరిస్తే, ఓహో ఇప్పుడు మంచి పద్యం అయిందన్నమాట అనుకునేది. ఇంటికొచ్చాక నన్ను అడిగేది, "ఒరే, నీలం చొక్కా వేసుకున్నప్పుడు ఒకటి పాడాడే, దానికి రెండుసార్లు కేక వేశారు, ఏంట్రా అది?" అని. నేను చిన్నగా పాడి వినిపించేవాణ్ణి. ఇరుగుపొరుగు లేస్తారని పెట్టె వాయించకుండానే. అలా విన్నదే ఆమె విన్న నాటకం. మీరు బస్సు దగ్గర అడిగితే బాగుందనక ఏమంటుంది? వినపడలేదని మీ ముఖం మీద చెబుతుందా?

ఇప్పుడు ఆ నోరు కదలడం కూడా కనపడదు. కిరీటం మెరుపు కూడా కనపడదు. మిగిలింది చెవులే. అందుకని అడిగాను. కళ్ళద్దాలు పెట్టించమన్నారు.

ఇన్నేళ్ళూ నువ్వెందుకు చెప్పలేదురా అంటారు, నాకు తెలుసు. చెబితే మర్నాటి నుంచి పెట్టె దగ్గర ఇంకొకడు కూర్చునేవాడు. చర్చిలో పాటలకి హార్మణీ నేర్చుకున్న పల్లె కుర్రాణ్ణి స్టేజీ పక్కన కూర్చోనివ్వడమే గొప్ప అనుకున్నారు అప్పట్లో అందరూ. మీరే కూర్చోబెట్టారు, అది మర్చిపోను. కానీ నేను కూర్చున్న చోటికి మా అమ్మ దూరం మీరెప్పుడూ చూడలేదు.

మైకు షాపు ఎందుకు పెట్టానో ఇప్పటికైనా తెలిసిందా? నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళడానికి మాత్రమే కాదు. ఆ గొట్టానికి తాడూ తెలియదు, చాపా తెలియదు. ఎంత దూరం వైరు లాగితే అంత దూరం మాట్లాడుతుంది. మీరు తన్నింది దాన్నండి.

నమస్కారం.

జకరయ్య


తెనాలి,
1-3-1963

జకరయ్యకి,

ఉత్తరం అందింది. నువ్వు ఇంత కోపం తెచ్చుకోగలవని నాకు తెలియదు. వాయించేటప్పుడు ఈ ఊపు ఏనాడైనా చూపిస్తే బాగుండేది.

నన్ను తప్పు పట్టావు. తాడు నేను కట్టించానా? ఏ ఊరి పెద్దలు ఆ ఊళ్ళో కట్టించుకున్నారు. నేను వేషం వేసుకుని వచ్చేవాణ్ణి, పాడేసి పోయేవాణ్ణి. అయినా సరే, ఒక మాట చెబుతున్నాను. రేపల్లెలో సారమ్మని మొదటి చాప మీద, నాకు ఎదురుగా కూర్చోబెడతాను. మునసబు పక్కనే. ఎవడు కాదంటాడో రమ్మను, చూస్తాను. కాదంటే నాటకం లేదు, అంతే. మైకు అక్కర్లేదు, ఆవిడకి నా గొంతే వినపడుతుంది.

ఇంతకంటే ఏం చెయ్యమంటావు?

ఇట్లు,
పాండురంగారావు


రేపల్లె,
5-3-1963

పాండురంగారావు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. కాసేపు నవ్వింది. తర్వాత ఆమె అన్న మాట ఇది. "నన్నొక్కదాన్నే తీసుకెళ్ళి మునసబు పక్కన కూర్చోబెడితే నేను పద్యం వింటానా, ఎవరు నా వంక ఎలా చూస్తున్నారోనని ఒళ్ళు ముడుచుకుని కూర్చుంటానా? మరి పున్నమ్మ? అంకమ్మ? వాళ్ళు నా పక్కనే నిలబడి నిలబడి ముసలాళ్ళయ్యారు. వాళ్ళని అక్కడే వదిలేసి నేను ముందుకెళ్ళి ఏం వినను? మర్నాడు ఆ చాప మీదివాళ్ళకి కోపం వస్తే మా కూలి పోతుంది గానీ, ఆ బాబు కూలి పోదుగా."

మీది పెద్ద మనసేనండి. కానీ అందులో ఒక్క మనిషికే చోటుంది.

ఎందుకండీ ఇంత? మాకు చాప వద్దు. మాకు మీ గొంతు కావాలి. దానికి మనిషిని మోసుకెళ్ళడం ఎందుకు, వైరు లాగితే సరిపోతుందిగా?

ఇట్లు,
జకరయ్య


తెనాలి,
16-3-1963

జకరయ్యా,

పది రోజులు జవాబు రాయలేదు. అలిగాను. అలగడం అయ్యాక మొన్న అమృతలూరు నాటకానికి వెళ్ళాను. నువ్వు రాలేదు, ఎవడో కుర్రాడు పెట్టె వాయించాడు, శ్రుతికి ఎక్కడా అంటలేదు. అది వేరే కోపం.

మన నాటకంలో చంద్రసేనులు ఇద్దరు గదా. మొదటి అంకాల్లో బ్రహ్మానందం, చెరసాల నుంచి నేను. నా వంతు రావడానికి బోలెడు టైము. ముఖానికి రంగు పూసుకుని, నెత్తిన దుప్పటి కప్పుకుని, వెనక నుంచి చుట్టూ తిరిగి బండ్ల దగ్గరికి వెళ్ళాను. తాడు కింద నుంచి దూరి వెళ్ళాను. వంగడానికి నా నడుము ఒప్పుకోలేదు, అయినా దూరాను.

బ్రహ్మానందం గొంతు నా గొంతుకి ఏమాత్రం తీసిపోదు. ఆ సంగతి వాడి ముందు ఎప్పుడూ అనను. వాడు సభ పద్యం ఎత్తుకున్నాడు, చెయ్యెత్తాడు, ఛాతీ విరిచాడు. నాకు వినపడింది ఏంటో చెప్పనా? ఎడ్ల గంటలు. ఒక పసిపిల్ల ఏడుపు. వాడి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అంతే. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నా అంతే. ముందు నుంచి "వన్స్ మోర్" అన్న కేక మాత్రం బ్రహ్మాండంగా వినపడింది. వాడు మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

నా పక్కన ఒకావిడ నిలబడి ఉంది. నన్ను చూసి, "నువ్వు పెద్దమనిషిలా ఉన్నావు, ముందుకి పోయి కూర్చోవయ్యా, ఇక్కడేం వినపడదు" అంది. "మరి నువ్వెందుకు వచ్చావమ్మా?" అన్నాను. "ఊళ్ళో నాటకమైతే రాకుండా ఎలా ఉంటాం?" అని, నా ముఖం వంక చూసి "అదేంటి, ఆ రంగేంటి?" అంది. నేను పరిగెత్తుకొచ్చాను.

తర్వాత నా వంతు వచ్చింది. తెర వెనక నుంచి ఆలాపన వదిలాను, చివరి చాప దగ్గర తువ్వాలు ఊగింది. ఆ తువ్వాలు చూస్తే ఒళ్ళు కంపరమెత్తింది. ఎంత గొంతు చించుకున్నా ఆ ఆడమనిషిదాకా పోదని తెలిసి పాడాను. తెలిసి కూడా అరిచాను. ముందువాళ్ళు "రావుగారు ఇవాళ పూనకంలో ఉన్నారు" అనుకున్నారట. పూనకం కాదు, మంట. ఇవాళ్టికీ గొంతు పెగలడం లేదు, మంగాయమ్మ మిరియాల కషాయం పోస్తోంది. మూడు మెతుకులు మింగలేకపోతున్నాను. ఇన్నేళ్ళు నన్ను వెధవని చేసింది ఆ తువ్వాలా, నేనా?

సరే. నవమికి రేపల్లెలో మైకు పెట్టు. కానీ నా షరతులు విను. ఆ కాయ నా ముఖానికి అడ్డం రాకూడదు. చెరసాల కటకటాలకి లోపలివైపు కట్టు. గొట్టాలు రెండూ బండ్ల వైపు తిప్పు. ముందు చాపలకి ఒక్కటి కూడా వద్దు, వాళ్ళకి నా గొంతు చాలు. ఇన్నేళ్ళు సరిపోయింది గదా. పూర్ణచంద్రరావుకి నేను మళ్ళీ రాస్తాను. అడ్డం చెబితే ఆ పందిట్లో ఆయన్నే పాడుకోమంటాను. కుయ్యోమని కూసిందో, ఈసారి నిన్ను తంతాను.

ఇట్లు,
పాండురంగారావు


రేపల్లె,
20-3-1963

గురువుగారికి నమస్కారాలు.

కార్డులోనే రాస్తున్నాను. పగిలినదాన్ని బాగు చేయించాను, కొత్తది ఇంకొకటి తెచ్చాను. గొట్టాలు రెండూ బండ్ల వైపే. కటకటాలకే కడతాను. కూయదు.

అమ్మకి చెప్పాను. నమ్మలేదు. "ఆ బాబా? చూద్దాం" అంది.

జకరయ్య


తెనాలి,
6-4-1963

జకరయ్య గారికి,

ఎగతాళి కాదండి. చదవండి, తెలుస్తుంది.

నవమి నాటకం సంగతి మీరు అక్కడే ఉన్నారు గనక నేను చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు తిండి సయించేలా లేదు. చెరసాల పద్యంలో "ఈ గోడ అవతల నా మాట వినే మనిషి ఒక్కరైనా ఉన్నారా" అని మహారాజు అడుగుతాడు గదా. ముప్ఫై ఏళ్ళు అడిగాను. ఎవడూ జవాబు చెప్పలేదు. మొన్న చెప్పారు. బండ్ల అవతల నుంచి, చీకట్లోంచి, "ఉన్నాం, ఉన్నాం" అని ఒకటే గోల! ఆ వెంటనే "వన్స్ మోర్" అని వెనక నుంచి! ముందు చాపల మీద మునసబూ వాళ్ళూ మెడలు తిప్పి వెనక్కి చూశారు. ఇన్నేళ్ళలో వాళ్ళు వెనక్కి చూడగా నేను చూడలేదు. మళ్ళీ పాడాను. మళ్ళీ అడిగారు, మళ్ళీ పాడాను. రాజుగారి కొడుకు వేషంవాడు పక్కన నిలబడి నిలబడి ఆవలించాడు, అయినా పాడాను.

ఆ ఊపులోనే, రంగు కడుక్కోకుండా, కిరీటం చంకలో పెట్టుకుని సారమ్మ దగ్గరికి వచ్చాను. మీరు అక్కడే వైరు చుట్టుకుంటున్నారు. నన్ను చూసి తల ఎందుకు దించుకున్నారో అప్పుడు అర్థం కాలేదు.

"ఏం సారమ్మా, వినపడిందా?" అన్నాను.

"వినపడింది బాబూ, బ్రహ్మాండంగా వినపడింది. ఎడ్లు కూడా బెదిరినయ్యి."

"మరి ఎలా ఉంది?"

ఆవిడ చుట్టుపక్కల అలికిడికి చెవి ఒగ్గింది. నా చెయ్యి తడిమి పట్టుకుని, "కోపం తెచ్చుకోకయ్యా. మావాడు పాడినంత బాగా లేదు" అంది.

నా పద్యం! నాకు నేర్పినవాళ్ళు కూడా ఆ మాట అనలేదు! "నువ్వు గట్టిగా పాడతావు బాబూ, మావాడు ఏడుస్తూ పాడతాడు" అంది. పున్నమ్మా అంకమ్మా కూడా తలలూపారు. వాళ్ళు కూడా మీ గుమ్మంలో కూర్చుని విన్నారట, ఇన్నేళ్ళుగా. అంటే నా చెరసాల పద్యానికి మీ పల్లెలో ఇంకో మహారాజు ఉన్నాడు, ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు!

నాలుగు రోజుల నుంచి మనిషిని మనిషిలా లేను. మంగాయమ్మతో చెబితే నవ్వింది. ఎందుకు నవ్వావే అంటే ఇంకా నవ్వింది. ఒళ్ళు మండిపోతోంది. మీ మీదా, సారమ్మ మీదా, నా మీదా, ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. ఇరవై ఏళ్ళు నా మోకాలి పక్కన కూర్చున్నారు. ఏడుస్తూ పాడే మనిషి నా పక్కనే ఉంటే, ఒక్కసారి నోరు విప్పమని నేను అనలేదు, ఒక్కసారి మీరూ విప్పలేదు. ఏం మనుషులమండీ మనం?

వచ్చే ఆదివారం, చర్చి అయ్యాక, రైలెక్కి తెనాలి రండి. మధ్యాహ్నం మన రిహార్సల్ దొడ్లో ఎవరూ ఉండరు. సారమ్మనీ, ఆ ఇద్దర్నీ తీసుకురండి, భోజనాలు మా ఇంట్లోనే, అందరం ఒకే వరసలో కూర్చుంటాం, మంగాయమ్మ వడ్డిస్తుంది. ఆ పద్యం మీరు పాడాలి. శ్రుతి నేను పడతాను. మీ గొంతు చిన్నదట, సారమ్మ చెప్పింది. అయితే మైకు తెచ్చుకోండి. అది నాలాంటివాడి కోసం పుట్టలేదని ఇప్పుడు తెలిసింది. ఇది ఒప్పుకోవడం నాకెంత కష్టంగా ఉందో మీకు చెప్పినా అర్థం కాదు.

పద్యం సగంలో శ్రుతి పెట్టె మంగాయమ్మకిచ్చి నేను వెళ్ళిపోతాను, కంగారు పడకండి. దొడ్డి దాటి, పాలకేంద్రం దాటి, జట్కాలు ఆగే చోటు కూడా దాటి వెళ్ళి నిలబడతాను. వినపడితే తువ్వాలు ఊపుతాను.

వినపడకపోతే మాత్రం వెనక్కొచ్చి ఈ మైకు కూడా తంతాను.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ పాండురంగారావు